పాప తల చిన్నదిగా ఉంది, రెండో బిడ్డకూ ఇలాగే అవుతుందా?

ముందు ప్రశ్న క్లుప్తంగా. అడిగినావిడది మేనరికం, భర్త సొంత మేనమామ కొడుకు. పాపకు 14 నెలలు. పుట్టినప్పుడు తల చుట్టుకొలత 30 సెంటీమీటర్లు, ఇప్పుడు 39. ఎంఆర్ఐ రిపోర్టులో ‘మైక్రోసెఫలీ (తల చిన్నగా ఉండటం), సింప్లిఫైడ్ గైరల్ ప్యాటర్న్ (మెదడు మడతలు సాదాగా ఉండటం)’ అని ఉంది. ఫిట్స్ లేవు. కూర్చుంటోంది, నిలబడటం ఇంకా రాలేదు. ఐదో నెల స్కాన్‌లో అంతా నార్మల్ అన్నారట. మాడు ముందే మూసుకుపోయింది, పుర్రెకు ఆపరేషన్ చేస్తే మెదడు పెరుగుతుందని ఒకరు చెప్పారు. ఇంకో డాక్టరు ఎక్సోమ్ అనే జన్యు టెస్ట్ రాశారు. గ్రహణం రోజు బయట తిరిగినందుకే ఇలా అయిందని అత్తమ్మ అంటున్నారు. రెండో బిడ్డ కోసం ఎదురుచూడొచ్చా అన్నది ఒక ప్రశ్న. చెల్లెల్ని మరిదికి ఇవ్వాలని పెద్దవాళ్లు మాట్లాడుకుంటున్నారు, ఇవ్వొచ్చా అన్నది రెండోది.

అమ్మా, చాలా ఏళ్లుగా జన్యు వైద్యంలో ఉన్నాను. మీలాంటి తల్లులు నా ముందు కూర్చుని ఇవే ప్రశ్నలు అడిగారు. మీరు అడిగినవాటిలో ముఖ్యమైనవన్నీ ఒక్క విషయం మీద ఆధారపడి ఉన్నాయి: పాపలో ఏ జన్యువు దెబ్బతింది? అది తేలకుండా రెండో కాన్పు గురించి ఎవరు ధైర్యం చెప్పినా, ఎవరు భయపెట్టినా, అది ఊహే. టెస్ట్ రాసిన డాక్టరు సరైన పని చేశారు. గర్భం రాకముందే ఆ టెస్ట్ చేయించండి. మిగతాదంతా ఈ మాట ఎందుకు అంటున్నానో వివరించడమే.

గ్రహణం సంగతి ముందు తేల్చేద్దాం. ఆ రోజు గర్భంతో ఉన్నవాళ్లు ఈ దేశంలో లక్షల మంది. వాళ్లలో ఎంతోమంది పొలంలోనో, ఆఫీసులోనో, బస్సులోనో ఉన్నారు. వాళ్ల పిల్లలకు ఇలా జరగలేదు. గ్రహణం మెదడును ఏమీ చేయలేదు. మీరు తిన్నదీ, తిననిదీ, ఎక్కిన మెట్లూ, పడ్డ ఏడుపూ కూడా ఇందుకు కారణం కావు. పాప తల పుట్టుకతోనే 30 ఉంది, మీది మేనరికం, ఎంఆర్ఐలో మెదడు చిన్నదే అయినా పెద్దగా గాయం ఆనవాళ్లు రాయలేదు. ఈ మూడూ కలిపి చూస్తే తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ సమానంగా వచ్చిన జన్యు కారణమే బలంగా కనిపిస్తోంది. ఇందులో ‘ఎవరి తప్పు’ అనే ప్రశ్నకు చోటే లేదు. అత్తమ్మతో ఈ మాట మీరొక్కరే చెప్పి నెగ్గలేరు. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆవిడనూ తీసుకెళ్లండి. నేనైతే కౌన్సెలింగ్‌కు అత్తమామల్ని తప్పకుండా రమ్మంటాను. కోడలు ఇంటికెళ్లి చెప్పే మాటకూ, తెల్లకోటు వేసుకున్న మనిషి నేరుగా చెప్పే మాటకూ మన ఇళ్లలో ఎంత తేడా ఉందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక కొలతలు. నెలలు నిండి పుట్టిన ఆడపిల్ల తల చుట్టుకొలత సగటున 34 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. 14 నెలలకు 45 దాటుతుంది. మీ పాపది పుట్టుకలోనే సగటు కంటే బాగా తక్కువ, ఇప్పుడు దూరం ఇంకా పెరిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చార్టు మీద ఈ చుక్కలన్నీ పెట్టించి ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. ఒక్క కొలత కంటే గీత ఎటు పోతోందన్నది మాకు ఎక్కువ చెబుతుంది. పుట్టినప్పుడు మామూలుగా ఉండి ఆర్నెల్లో, ఏడాదో తర్వాత ఎదుగుదల మందగించిన తల వేరే జబ్బుల వైపు చూపిస్తుంది. రెట్ సిండ్రోమ్ అలాంటిది. మీ పాపది ఆ దారి కాదు, లోపం కడుపులోనే మొదలైంది. మీ తలా, మీ భర్త, అంటే మీ బావగారి తలా కూడా కొలిపించండి. చిన్న తలలు కొన్ని కుటుంబాల్లో మామూలుగానే ఉంటాయి, అయితే ఇంత తక్కువ ఉండవు.

పుర్రె ఆపరేషన్ మాట విని నాకు బాధేసింది. దయచేసి ఒప్పుకోకండి. పసిపిల్లల పుర్రె తనంతట తాను పెరగదు. లోపల మెదడు పెరుగుతూ నెడుతుంటే ఎముకలు ఎడం అవుతూ తల పెద్దదవుతుంది. మెదడు నెట్టకపోతే తల చిన్నగా ఉండిపోతుంది, మాడు తొందరగా మూసుకుంటుంది. అంటే మాడు మూసుకోవడం ఫలితమే కానీ కారణం కాదు. పైగా మాడు చాలామంది పిల్లల్లో 12 నుంచి 18 నెలల మధ్య మామూలుగానే మూసుకుంటుంది. ఆపరేషన్ అవసరమయ్యే జబ్బు వేరే ఉంది, దాన్ని క్రేనియోసినోస్టోసిస్ అంటారు. అందులో మెదడు బాగానే పెరుగుతుంటుంది, పుర్రె అతుకులే తొందరపడి కలిసిపోతాయి. తల పడవలా పొడుగ్గానో, ఒక పక్కకు ఒరిగినట్టో, అతుకు మీద గట్టు కట్టినట్టో అవుతుంది. అలాంటి పిల్లలకు ఆపరేషన్ నిజంగా మేలు చేస్తుంది. మీ పాప మెదడే చిన్నదని ఎంఆర్ఐ చెబుతోంది కాబట్టి పుర్రె తెరిచినా అది పెరగదు. మత్తు, రక్తనష్టం, ఇన్ఫెక్షన్ మాత్రం మిగులుతాయి.

ఇప్పుడు అసలు విషయం, పాప మెదడులో ఏం జరిగి ఉంటుందన్నది. కొంచెం ఓపిగ్గా చదవండి, ఇది అర్థమైతే డాక్టరు చెప్పేది మీరు సగం ముందే పట్టుకోగలరు.

గర్భం మొదటి నెల పూర్తయ్యేసరికి మెదడుకూ వెన్నుపాముకూ మూలమైన నాళం మూసుకుంటుంది. ఆ నాళం లోపలి గోడలో మూలకణాలుంటాయి. అవి చీలిపోతూ నరాల కణాలను తయారుచేస్తాయి. చీలడంలో రెండు రకాలున్నాయి. మొదట్లో ఒక మూలకణం చీలి రెండు మూలకణాలవుతుంది, అలా వాటి సంఖ్య పెరుగుతుంది. తర్వాత ఒక మూలకణం చీలి ఒక మూలకణమూ, ఒక నరాల కణమూ అవుతాయి. విత్తనానికి దాచిన వడ్లను రైతు తిండికి వాడేసుకుంటే వచ్చే పంటకు చేను బోసిపోతుంది కదా, ఇక్కడా అంతే. మూలకణాలు తొందరపడి నరాల కణాలుగా మారిపోతే మూలకణాల నిల్వ తరిగిపోతుంది, చివరికి తయారైన నరాల కణాలు మొత్తంగా తక్కువైపోతాయి. మెదడు అమరిక దాదాపు సరిగానే ఉంటుంది, పరిమాణం మాత్రం చిన్నది. మడతలు తక్కువగా, సాదాగా కనిపిస్తాయి. మీ రిపోర్టులోని ‘సింప్లిఫైడ్ గైరల్ ప్యాటర్న్’ అంటే ఇదే.

ఈ చీలిక సక్రమంగా జరగాలంటే కణం లోపల క్రోమోజోములను రెండు వైపులకూ లాగే దారాల నిర్మాణం, దాన్ని స్పిండిల్ అంటారు, సరైన కోణంలో నిలబడాలి. ఆ పని చూసే జన్యువుల్లో ఒకటి ఏఎస్‌పీఎం, ఒకటో క్రోమోజోము మీద ఉంటుంది. తల్లి నుంచి వచ్చిన ప్రతీ, తండ్రి నుంచి వచ్చిన ప్రతీ రెండూ పాడైతే ఆటోసోమల్ రిసెసివ్ ప్రైమరీ మైక్రోసెఫలీ వస్తుంది. ఇలా రెండు ప్రతులూ పాడైతేనే వచ్చే జబ్బును రిసెసివ్ అంటారు. ప్రపంచవ్యాప్తంగా ఈ జబ్బుకు ఎక్కువ కుటుంబాల్లో దొరికే కారణం ఏఎస్‌పీఎం. దాని తర్వాత డబ్ల్యూడీఆర్62. ఇవికాక ఇరవైకి పైగా జన్యువులున్నాయి. ఏఎస్‌పీఎం పాత్రను 2002లో బయటపెట్టినది ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో జెఫ్రీ వుడ్స్ బృందం. అక్కడ స్థిరపడిన పాకిస్తాన్ మూలాల కుటుంబాల్లో అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల పిల్లల మధ్య పెళ్లిళ్లు ఎక్కువ. ఆ కుటుంబాల సహకారంతోనే ఈ జన్యువులు చాలావరకు దొరికాయి. మన దగ్గర మేనరికం ఉన్నట్టే వాళ్లకు ఆ ఆచారం. అందుకే వాళ్ల దగ్గర తేలిన విషయాలు మనకు ఇంత దగ్గరగా సరిపోతాయి.

మేనరికంలో ఇది ఎలా కుదురుతుందో మీ కుటుంబం మీదే చూద్దాం. మీ అమ్మమ్మ, తాతయ్యల్లో ఒకరి దగ్గర ఈ జన్యువు పాడైన ప్రతి ఒకటి ఉండి ఉంటుంది. రెండో ప్రతి బాగుంది కాబట్టి వాళ్లకేమీ తెలియలేదు. అది మీ అమ్మకూ, మీ మేనమామకూ అందింది. అమ్మ నుంచి మీకు, మేనమామ నుంచి మీ బావకు. మీ ఇద్దరూ ఆరోగ్యంగా ఉన్నారు, ఎందుకంటే ఇద్దరిలోనూ మంచి ప్రతి ఒకటుంది. పాపకు రెండు వైపుల నుంచీ పాడైనదే వచ్చింది. ఎక్కువగా జరిగేది ఇదే. ఇలాంటి దాగి ఉన్న మార్పులు కొన్ని మనలో ప్రతి ఒక్కరిలోనూ ఉంటాయి, నాలోనూ ఉన్నాయి. బంధుత్వం లేని ఇద్దరిలో అదే జన్యువు పాడై ఉండే అవకాశం తక్కువ. ఒకే తాతకు మనవడూ మనవరాలూ అయిన ఇద్దరికీ జన్యువుల్లో ఎనిమిదో వంతు ఉమ్మడి. సొంత మేనమామనే పెళ్లాడితే నాలుగో వంతు. తేడా అంతా ఇక్కడే ఉంది.

మేనరికం చేసుకున్న ప్రతివాళ్లకూ ఇలా అవుతుందని మాత్రం అనుకోకండి. ఏ జంటకైనా పుట్టిన బిడ్డలో చెప్పుకోదగ్గ లోపం ఉండే అవకాశం నూటికి రెండు మూడు. బావామరదళ్ల పెళ్లిళ్లలో అది సుమారు రెట్టింపవుతుంది. అంటే నూటికి తొంభైకి పైగా బాగానే పుడతారు. దక్షిణాది రాష్ట్రాల్లో దగ్గరి బంధువుల పెళ్లిళ్లు దేశంలో మిగతా చోట్ల కంటే ఎక్కువని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు వరసగా చెబుతూనే ఉన్నాయి. పెళ్లయిపోయిన జంటను ‘మేనరికం ఎందుకు చేసుకున్నారు’ అని డాక్టర్లు గదమాయించడం నాకు అస్సలు నచ్చదు. ఆ మాటతో ఒక్క బిడ్డకూ మేలు జరగదు. కానీ ఒక కుటుంబంలో ఇలాంటి బిడ్డ పుట్టాక ఆ కుటుంబానికి ఈ నూటికి ఇన్ని అనే లెక్క వర్తించదు. అప్పుడు లెక్క పూర్తిగా వేరు.

అదే రెండో బిడ్డ సంగతి. పాపది రిసెసివ్ జబ్బని తేలితే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు, అంటే 25 శాతం, మళ్లీ ఇదే జబ్బు వచ్చే అవకాశం. ఒకరికి వచ్చింది కాబట్టి తర్వాతి ముగ్గురూ బాగుంటారని దీని అర్థం కాదు. ప్రతి కాన్పుకూ లెక్క మొదటినుంచీ మొదలవుతుంది. మగబిడ్డయినా ఆడబిడ్డయినా ఒకటే.

మరి టెస్ట్ అక్కర్లేకుండానే 25 శాతం అని చెప్పేయొచ్చు కదా అంటారేమో. చెప్పకూడదు. ‘మెదడు సరిగా ఎదగలేదు’ అన్న ఒక్క మాట కింద ఎన్నో వేర్వేరు జబ్బులున్నాయి, వాటి లెక్కలు ఒకదానికొకటి పొంతన లేనివి. లిసెన్‌సెఫలీ తీసుకోండి. తయారైన నరాల కణాలు లోపలి నుంచి మెదడు పైపొరకు ప్రయాణం చేయాలి. ఎక్కువగా గర్భం మూడో నెల నుంచి ఆరో నెల లోపు ఈ వలస జరుగుతుంది. వలస సగంలో ఆగిపోతే పైన మడతలు పడకుండా మెదడు నున్నగా ఉండిపోతుంది. ఇందులో ముఖ్యమైన జన్యువు లిస్1, పదిహేడో క్రోమోజోము మీద ఉంటుంది, 1993లో దొరికింది. ఇది పాడవడం చాలావరకు ఆ బిడ్డలోనే కొత్తగా జరుగుతుంది, తల్లిదండ్రుల్లో ఉండదు. కాబట్టి తర్వాతి బిడ్డకు వచ్చే అవకాశం నూటికి ఒకటి దగ్గర. అయితే అదే లిస్1తో పాటు పక్కనున్న జన్యువులు కూడా ఊడిపోయిన మిల్లర్ డీకర్ సిండ్రోమ్‌లో, తల్లికో తండ్రికో క్రోమోజోముల ముక్కలు చోటు మారి ఉంటే ప్రమాదం చాలా ఎక్కువవుతుంది. ఇంకో జన్యువు డీసీఎక్స్, ఎక్స్ క్రోమోజోము మీద. ఇది పాడైన మగపిల్లలకు నున్నటి మెదడు, ఆడపిల్లలకు పైపొర కింద ఇంకో పొరలా ఆగిపోయిన కణాల పట్టీ. తల్లికి ఎప్పుడో చిన్నప్పుడు ఫిట్స్ వచ్చి తగ్గిపోయిన కథ అడిగితేనే ఇది బయటపడుతుంది. ఆ తల్లి నుంచి ప్రతి బిడ్డకూ సగం అవకాశం. మెదడులోనూ ఇతర అవయవాల్లోనూ గడ్డలు కట్టే ట్యూబరస్ స్క్లెరోసిస్‌లోనూ తల్లికో తండ్రికో ఉంటే సగం, బిడ్డలోనే కొత్తగా వచ్చి ఉంటే చాలా తక్కువ. ఎంఆర్ఐ ఫిల్ములు పక్కపక్కన పెడితే ఒకేలా కనిపించిన ఇద్దరు పిల్లల తల్లులకు నేను పూర్తిగా వేర్వేరు జవాబులు చెప్పిన సందర్భాలున్నాయి. మీ పాప విషయంలో రిసెసివ్ అయ్యే అవకాశమే ఎక్కువ. అయినా మేనరికం ఉన్న ఇంట్లో కొత్తగా పుట్టిన మార్పు రాకూడదని రూలేమీ లేదు.

జన్యువులతో సంబంధం లేని కారణాలూ ఒకసారి చూసుకోవాలి. గర్భంలో సైటోమెగలో వైరస్, రుబెల్లా లాంటివి సోకితే తల చిన్నదవుతుంది. 2015, 2016ల్లో బ్రెజిల్‌లో జికా వైరస్ వల్ల ఎంతమంది పిల్లలు చిన్న తలలతో పుట్టారో ప్రపంచమంతా చూసింది. ఇన్ఫెక్షన్లయితే ఎక్కువగా మెదడులో సున్నం మచ్చలు, వినికిడి లోపం, కంటి తెరలో మచ్చలు కనిపిస్తాయి. సైటోమెగలో టెస్ట్‌కు పుట్టిన మూడు వారాల్లోపు తీసిన నమూనాయే నమ్మదగ్గది. ఇప్పుడు పాజిటివ్ వచ్చినా అది తర్వాత సోకినదో కాదో చెప్పలేం. కాబట్టి ఆ టెస్టుల మీద ఇప్పుడు డబ్బు పోసుకోకండి. ఒకటి మాత్రం అడగండి: మీ రక్తంలో ఫినైల్ అలనిన్ స్థాయి. తల్లికి తెలియకుండా ఫినైల్‌కీటోన్యూరియా, అంటే రక్తంలో ఫినైల్ అలనిన్ పేరుకుపోయే జబ్బు, ఉంటే, బిడ్డకు ఆ జబ్బు లేకపోయినా, పుట్టేవాళ్లలో చాలామందికి తల చిన్నదవుతుంది. గర్భానికి ముందునుంచే ఆహారం మారిస్తే అది ఆగుతుంది. అరుదే, కానీ చిన్న టెస్టు, దొరికితే పెద్ద ఉపకారం. అలాగే సెరైన్ అనే అమైనో ఆమ్లం తయారుకాని జబ్బులో చిన్న తలతో పాటు మొండి ఫిట్స్ వస్తాయి. ఎంత తొందరగా సెరైన్ ఇస్తే అంత ఫలితం. పాపకు ఫిట్స్ లేవు కాబట్టి అది కాకపోవచ్చు, ఎక్సోమ్‌లో ఆ జన్యువులూ చూస్తారు.

ఎక్సోమ్ అంటే మన దగ్గరున్న సుమారు 20 వేల జన్యువుల్లో ప్రొటీన్‌కు సంబంధించిన భాగాలన్నీ ఒకేసారి చదివే టెస్టు. వీలైతే పాపతో పాటు మీ ఇద్దరి రక్తం కూడా ఇవ్వండి. డబ్బు సరిపోకపోతే ముందు పాపదే చేయించి, దొరికిన మార్పు ఒక్కదాన్ని తర్వాత మీలో చూడొచ్చు. ఆ రెండో టెస్టుకు ఖర్చు చాలా తక్కువ. క్రోమోజోముల్లో పెద్ద ముక్కలు ఊడిపోయాయేమో చూడటానికి మైక్రోఅర్రే అని ఇంకొకటుంది. ఏది ముందు అన్నది పాపను చూసిన జెనెటిసిస్టే చెప్పాలి. ల్యాబ్‌కు ఫారం నింపేటప్పుడు తల కొలతలు, మేనరికం, ఎంఆర్ఐ రిపోర్టు మూడూ తప్పకుండా రాయించండి. అవి లేకుండా వెళ్లిన నమూనాల్లో సరైన మార్పు కళ్లెదుటే ఉన్నా పక్కన పడిపోతుంది.

రిపోర్టు మూడు రకాలుగా రావచ్చు. ‘పాథోజెనిక్’ (జబ్బు తెచ్చేది), లేదా ‘లైక్లీ పాథోజెనిక్’ (బహుశా జబ్బు తెచ్చేది) అని, హోమోజైగస్ (రెండు ప్రతుల్లోనూ అదే మార్పు) అని, పాప లక్షణాలకు సరిపోయే జన్యువులో వస్తే జవాబు దొరికినట్టే. ‘వేరియంట్ ఆఫ్ అన్‌సర్టెన్ సిగ్నిఫికెన్స్’ అని వస్తే ఆ మార్పు చెడ్డదో కాదో తేలలేదని అర్థం. దాన్ని నమ్ముకుని గర్భం తీయించుకోవడమో ఉంచుకోవడమో చేయకూడదు, ఈ మాట గట్టిగా చెబుతున్నాను. మీ ఇద్దరినీ, బాగున్న తోబుట్టువులు ఉంటే వాళ్లనూ పరీక్షిస్తే ఒక్కోసారి తేలుతుంది. ఏమీ దొరకలేదని వస్తే జన్యు కారణం లేదని కాదు. ఏడాదీ రెండేళ్ల తర్వాత అదే డేటాను మళ్లీ చూడమని ల్యాబ్‌ను అడగండి, కొత్త జన్యువులు బయటపడుతూనే ఉన్నాయి.

ఎక్కడ చేయించాలి అంటే, హైదరాబాద్‌లో పంజాగుట్ట నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. హైదరాబాద్‌లోనే ఉన్న డీఎన్ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీతో కలిపి దీన్ని 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్‌గా గుర్తించారు. బేగంపేటలో జన్యు వ్యాధుల ఆసుపత్రి ఉంది. ల్యాబ్ ఏదైనా ఫర్వాలేదు. ఫలితం వివరించే మనిషి ముఖ్యం. రిపోర్టు వాట్సాప్‌లో పంపి వదిలేసే చోటుకు వెళ్లకండి.

జన్యువు దొరికాక దారులు తెరుచుకుంటాయి. గర్భం 11 నుంచి 13 వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీసి, లేదా 16 వారాల తర్వాత ఉమ్మనీరు తీసి, ఆ ఒక్క మార్పు బిడ్డలో ఉందో లేదో చూడొచ్చు. అనుభవం ఉన్న చేతుల్లో దీనివల్ల గర్భస్రావం ముప్పు నూటికి ఒకటి కంటే తక్కువ. కొందరు ఐవీఎఫ్‌లో పిండాన్ని ముందే పరీక్షించి గర్భంలో పెట్టించుకుంటారు, ఖర్చు చాలా ఎక్కువ. కొందరు ఏ పరీక్షా వద్దు, ఎలాంటి బిడ్డ అయినా మా బిడ్డే అంటారు. ఆ నిర్ణయాన్నీ నేను అంతే గౌరవిస్తాను. బిడ్డకు జబ్బు ఉందని తేలితే ఏం చేయాలన్నది మీరూ మీ బావగారూ ముందే మాట్లాడుకోండి. చట్టం సంగతి: 2021 సవరణ తర్వాత కొన్ని వర్గాల వారికి 24 వారాల వరకు, తీవ్రమైన లోపాలుంటే మెడికల్ బోర్డు అనుమతితో ఆ తర్వాత కూడా గర్భస్రావానికి వీలుంది. ఆడా మగా చెప్పడం మాత్రం నేరం, ఈ పరీక్షల్లోనూ చెప్పరు, అడగకండి.

స్కాన్‌తోనే చూసుకుంటాం, సూది పరీక్షలు ఎందుకు అని చాలామంది అడుగుతారు. మీకు ఐదో నెలలో అంతా నార్మల్ అన్నారు కదా. ఆ స్కాన్ చేసినవాళ్లు అబద్ధం చెప్పలేదు. ప్రైమరీ మైక్రోసెఫలీలో 20 వారాలకు తల కొలత చాలాసార్లు మామూలుగానే ఉంటుంది, తేడా ఏడు, ఎనిమిది నెలల్లో బయటపడుతుంది. మెదడు మీద ఎక్కువ మడతలు పడేది కూడా చివరి మూడు నెలల్లోనే. అంటే స్కాన్‌లో కనిపించేసరికి మీ చేతిలో సమయం ఉండదు. అందుకే గర్భానికి ముందే జన్యువు తెలియాలంటున్నాను. గర్భం వచ్చాక మొదలుపెడితే ఎక్సోమ్‌కే వారాల తరబడి పడుతుంది, పరుగులు తప్పవు. ఫోలిక్ యాసిడ్ మాత్రలు మాత్రం గర్భానికి ముందునుంచే వేసుకోండి. అవి వెన్నుపాము నాళం మూసుకోని లోపాలను తగ్గిస్తాయి, ఈ జబ్బును కాదు. దీనికని ఎవరైనా పెద్ద డోసు అమ్మితే అవసరం లేదు.

పాప గురించి. నిజంగా ఏఎస్‌పీఎం లాంటిదే అయితే ఆ పిల్లలు చాలామంది నడుస్తారు, కొంత ఆలస్యంగా. మాటలు ఇంకా ఆలస్యంగా వస్తాయి, కొందరికి వాక్యాలు వస్తాయి. చదువులో వెనకబడతారు, అది కొద్దిగానా ఎక్కువగానా అన్నది పిల్లను బట్టి. ఒకచోట కుదురుగా ఉండరు. మనుషుల్ని ఇష్టపడతారు, సంతోషంగా ఉంటారు. ఫిట్స్ కొందరికే వస్తాయి. డబ్ల్యూడీఆర్62 అయితే మెదడు అమరికలోనూ తేడాలుండి ఫిట్స్ అవకాశం పెరుగుతుంది. 14 నెలలకు కూర్చుందంటే నాకు మంచి కబురుగానే అనిపిస్తోంది. వినికిడి పరీక్ష, కంటి పరీక్ష ఇప్పుడే చేయించండి. వినపడని పిల్లకు మాట రాకపోతే దాన్ని కూడా మెదడు ఖాతాలో వేసేస్తుంటారు.

ఒక్క విషయంలో కనిపెట్టి ఉండండి. నిద్రలేవగానే పాప వరసగా, కొద్ది క్షణాలకోసారి, తల ముందుకు వాలుస్తూ చేతులు విదిలిస్తే అది ఉలికిపాటో కడుపునొప్పో అనుకోకండి. ఇన్‌ఫాంటైల్ స్పాజమ్స్ కావచ్చు. మెదడు ఎదుగుదల లోపాలున్న పిల్లల్లో ఎక్కువగా ఏడాది లోపు మొదలవుతాయి, ఒక్కోసారి తర్వాత కూడా. ఫోన్‌లో వీడియో తీసి ఆ రోజే పిల్లల న్యూరాలజిస్టుకు చూపించండి. ఏసీటీహెచ్, ప్రెడ్నిసొలోన్, విగాబట్రిన్ అనే మందులున్నాయి, వారాలు ఆలస్యమైతే పిల్ల నేర్చుకున్నది పోతుంది. మీ పాపకు అవి లేవు, ఇది చదివే ఇంకో తల్లి కోసం కూడా రాస్తున్నాను. ఆ తల్లికే ఇంకో మాట: బిడ్డ పరిస్థితి బాగా విషమంగా ఉంటే, టెస్టుకు ఇప్పుడు డబ్బు లేకపోయినా, రక్తం తీయించి డీఎన్ఏ దాచిపెట్టమని అడగండి. బిడ్డ దూరమైతే కారణం తెలుసుకునే దారి దాదాపు మూసుకుపోతుంది.

మీ జిల్లా కేంద్రంలో ప్రభుత్వాసుపత్రిలో ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్ ఉంటుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ అక్కడ ఉచితం. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం ఉన్న జాతీయ సంస్థ, ఎన్ఐఈపీఐడీ, ఇంట్లో ఏం చేయాలో తల్లిదండ్రులకు నేర్పుతుంది. వారానికోసారి గంట థెరపీ కంటే రోజూ ఇంట్లో మీరు స్నానం, తిండి, ఆటల్లో కలిపి చేయించేదే ఎక్కువ పనిచేస్తుంది. వైకల్య సర్టిఫికెట్‌కు (సదరం అంటుంటారు) అప్లై చేయండి, చాలామంది ‘నా బిడ్డకు ముద్ర వేయించాలా’ అని ఏళ్లు ఆగుతారు. పింఛను, బస్సు పాసు, స్కూలు సదుపాయాలన్నీ దాని మీదే. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమాలో లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చులు వస్తాయి, థెరపీ కూడా. స్టెమ్ సెల్ చికిత్స అని లక్షలు అడిగేవాళ్లు మీ ఫోన్‌కు కూడా వస్తారు. ఈ జబ్బుకు అది పనిచేస్తుందన్న రుజువు లేదు, పరిశోధన ట్రయల్ బయట డబ్బు తీసుకుని ఇవ్వడాన్ని ఐసీఎంఆర్ మార్గదర్శకాలు ఒప్పుకోవు. ఆ డబ్బు ఎక్సోమ్‌కూ, థెరపీకీ, పాప పేరున డిపాజిట్‌కూ పెట్టండి.

చివరగా మీ చెల్లి పెళ్లి. పాపలో రిసెసివ్ మార్పు దొరికితే, మీ చెల్లిలో అది ఉండే అవకాశం సగం, మీ మరిదిలో సగం. ఇద్దరిలోనూ ఉండే అవకాశం నాలుగో వంతు. ఇద్దరిలోనూ ఉంటే ప్రతి కాన్పుకూ నాలుగో వంతు. అంటే ఏ టెస్టూ లేకుండా ఇప్పుడు పెళ్లి చేస్తే ఒక్కో బిడ్డకు పదహారింట ఒకటి. చిన్న సంఖ్య కాదు. కానీ ఇద్దరి రక్తంలో ఆ ఒక్క మార్పు చూసే చిన్న టెస్టుతో ఇది తేలిపోతుంది. ఇద్దరిలో ఒకరిలో లేకపోయినా ఈ జబ్బు వాళ్ల పిల్లలకు వచ్చే భయం దాదాపు ఉండదు, మేనరికానికి మామూలుగా ఉండే మిగతా ముప్పు మాత్రం ఉంటుంది. ఇద్దరిలోనూ ఉంటే సంబంధం వేరే చూసుకోవాలా వద్దా అన్నది వాళ్లు తెలిసి తీసుకునే నిర్ణయం. ఆ మార్పు ఉన్నంత మాత్రాన మీ చెల్లికి గానీ మీ మరిదికి గానీ ఏ జబ్బూ రాదు, బయటి సంబంధం చేసుకుంటే పిల్లలకు ముప్పు చాలా తక్కువ. ఈ చివరి వాక్యం పెద్దవాళ్ల ముందు రెండుసార్లు చెప్పండి, లేకపోతే ‘జన్యువు ఉన్న పిల్ల’ అని ఆ అమ్మాయి మీద పేరు పడిపోతుంది. పెళ్లి మాటల్ని రిపోర్టు వచ్చేదాకా ఆపమనండి, ఒకటి రెండు నెలల పని.

రిపోర్టు వచ్చాక పాప పేరు, ల్యాబ్ నంబరు తీసేసి, జన్యువు పేరు, మార్పు రాసిన వరుస, హోమోజైగస్ అని ఉందో లేదో, ఈ మూడూ ఇక్కడ రాయండి. చూసి చెబుతాను.